ఇస్ఫహాన్ కలందాను ఆత్మకథ

నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లంతా మూత మీది పూలనే చూస్తారు. గులాబీ కొమ్మ మీద వాలిన బుల్‌బుల్ పిట్టను వేలితో తడిమి, ఎంత పనితనమో అని మెచ్చుకుంటారు. ఆ తర్వాత మూత మూసేస్తారు. నేను కలందానును. కలాలూ సిరాబుడ్డీ పెట్టుకునే పెట్టెను. మూడు వందల ఏళ్ల నాటి సిరా మరక ఇప్పటికీ నా అడుగున నల్లగా అంటుకుని ఉంది. ఆ మరక ఏ కొలువులో పడింది, ఆ సిరాతో ఏం రాశారు అని అడిగినవాళ్లు లేరు. అడక్కపోయినా చెబుతాను.

నేను పుట్టింది ఇస్ఫహాన్‌లో. అప్పుడు ఇరాన్‌ను సఫవీ వంశపు షా సులేమాన్ ఏలుతున్నాడు. 1666 నుంచి 1694 దాకా ఆయనదే రాజ్యం. పనికిరాని కాగితాలను జిగురుతో పొర మీద పొరగా అంటించి, ఆరబెట్టి, బొమ్మలు వేసి, వార్నిషు పూసి నన్ను తయారుచేశారు. ఆ పనితనం గురించి నేను ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. నా ఒళ్లంతా కాగితమే. మూలన వార్నిషు పెచ్చు ఊడినచోట ఎవరో రాసిన అక్షరాల తోకలు రెండు కనిపిస్తాయి. అది ఎవరి అర్జీయో, ఎవరి లెక్కో, నాకూ తెలియదు.

నన్ను కొన్నది మజ్లిస్ నవీస్ కచేరీలో పనిచేసే ఒక లేఖకుడు. కలం పట్టి బతికేవాళ్లను అక్కడ గౌరవంగా మీర్జా అనేవారు. మా మీర్జా నన్ను నడుముకు చుట్టుకున్న శాలువా మడతలో దోపుకునేవాడు. ఆ నగరంలో సిపాయి నడుముకు కత్తి, మా మీర్జా నడుముకు నేను. బజారులో నడుస్తుంటే నన్ను చూసే జనం ఆయనకు దారి ఇచ్చేవారు.

మజ్లిస్ నవీస్ అంటే కొలువులో జరిగింది జరిగినట్టు రాసేవాడు. వాకియా నవీస్ అని కూడా అనేవారు. చూడటానికి చిన్న ఉద్యోగంలా ఉంటుంది గానీ, కొలువులో ఆయన చోటు చూస్తే అసలు సంగతి తెలిసేది. షాకు కుడివైపున ప్రధాన వజీరు, ఎడమవైపున ఈయన. అందుకే ఎడమ వజీరు అన్న పేరు కూడా వచ్చింది. రాష్ట్రాల నుంచి వచ్చిన నివేదికలు, జనం పెట్టుకున్న అర్జీలు షాకు వినిపించడం ఈయన పని. షా నోట వచ్చిన జవాబును రాసుకోవడం ఈయన పని. పరాయి రాజులకు వెళ్లే ఉత్తరాలూ ఈయన కచేరీలోనే తయారయ్యేవి.

రాజధానిలో ఒక్కడే కాదు, రాష్ట్రాల్లోనూ వాకియా నవీసులు ఉండేవారు. ఒక సీమకు ఖాన్‌ను పాలకుడిగా పంపితే, ఆ ఖాన్ ఏం చేస్తున్నాడో కొలువుకు రాసి పంపడానికి ఇంకొకడిని కూడా పంపేవారు. అతను ఖాన్ మనిషి కాడు, షా మనిషి. 1660ల్లోనూ 1670ల్లోనూ ఇస్ఫహాన్‌లో ఉన్న ఫ్రెంచి నగల వర్తకుడు షార్డాన్ ఈ ఏర్పాటును గమనించి రాసిపెట్టాడు. ఫోను లేదు, తంతి లేదు. నెలల దూరంలో ఉన్న పాలకుడిని అదుపులో పెట్టడానికి షా దగ్గర ఉన్న సాధనాల్లో ఒకటి సైన్యం, రెండోది నాలాంటి పెట్టె దోపుకున్న మనిషి.

కొలువున్న రోజున మా మీర్జా తెల్లవారకముందే నన్ను తెరిచేవాడు. కిక్కస కర్ర కలాన్ని చిన్న ఎముక పలక మీద ఆనించి చాకుతో ఒక్క నొక్కు నొక్కితే టక్కుమని మొన తెగేది. ఆ చప్పుడు సరిగ్గా రాకపోతే మళ్లీ చెక్కేవాడు. దీపపు మసి, మాచికాయ, తుమ్మజిగురు కలిపి కాచిన సిరా నా కొసన ఉన్న బుడ్డిలో ఉండేది. అందులో పట్టుదారపు ఉండ ఒకటి ఎప్పుడూ నానుతూ ఉండేది. కలం దానికి తగిలితే కావలసినంత సిరానే ఎక్కేది. మా మీర్జాకు బల్ల లేదు, కుర్చీ లేదు. మోకాళ్లు మడిచి కూర్చుని, కాగితాన్ని ఎడమచేతిలో పట్టుకుని రాయాలి. కుడిపక్క వెడల్పుగా ఖాళీ వదిలేవాడు. పంక్తి ఎడమ కొసకు వచ్చేసరికి అక్షరాలను కాస్త పైకి ఎక్కించి, ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. అందం కోసమే అనుకునేదాన్ని. అలా పేరిస్తే పంక్తి చివర ఇంకొకడెవడో కొత్త మాట ఇరికించడానికి చోటు ఉండదని తర్వాత అర్థమైంది.

చెహెల్ సోతూన్ మండపంలో కొలువు జరిగేది. ఎత్తైన కొయ్య స్తంభాలు, ఎదురుగా పొడవాటి కొలను. రాయబారులు వచ్చిన రోజున ఆ మండపం వెలిగిపోయేది. 1684లో స్వీడన్ రాయబారంతో పాటు వచ్చిన కెంప్ఫర్ అనే జర్మన్ వైద్యుడు మా కొలువు సంగతులన్నీ రాసుకుని పోయాడు. అలాంటి వైభవమైన రోజులు నాకు అంతగా గుర్తులేవు. వడగళ్లకు పంట పోయిందని, ఈ ఏడు శిస్తు కట్టలేమని ఎక్కడిదో ఒక ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీ చదివిన రోజు గుర్తుంది. షా తల ఊపి రెండు మాటలు అన్నాడు. మా మీర్జా కలం నా మీది నుంచి లేచి, కాగితం మీద గరగర పరుగెత్తింది. ఆ ఊరివాళ్లు షాను ఎన్నడూ చూసి ఉండరు. షా గొంతు వినలేదు. వాళ్ల దాకా చేరింది నా బుడ్డిలోని సిరా. రాజ్యమంటే వాళ్లకు అంతే.

షా అన్న మాట కాగితం ఎక్కగానే పని తీరిపోదు. చిత్తు రాయాలి, శుద్ధప్రతి రాయాలి, దఫ్తరులో నకలు ఎక్కించాలి. భూమితోనో డబ్బుతోనో ముడిపడినదైతే లెక్కలు చూసే ముస్తౌఫీల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు సియాఖ్ అనే లెక్కల గుర్తుల్లో సరిచూసి ముద్ర వేయాలి. అందరి చేతులూ దాటాక షా ముద్ర పడేది. సఫవీ ఫర్మానా ఎక్కడైనా కంటపడితే ముందువైపు బంగారు పూత చూసి ఆగిపోకండి, వెనక్కి తిప్పండి. అక్కడ చిన్న చిన్న ముద్రలు, ఒక్కో దఫ్తరులో నమోదైనట్టు రాసిన పొట్టి వాక్యాలు గుంపుగా కనిపిస్తాయి. ఒక్క మాట నిజంగా ఆజ్ఞ కావడానికి ఎందరు మనుషులు జవాబుదారీ పడ్డారో ఆ వీపు చూస్తేనే తెలుస్తుంది. దఫ్తరులో లేని ఆజ్ఞను ఎవడైనా కాదనవచ్చు. దఫ్తరులో ఉన్నదాన్ని ఖాన్ కూడా దాచలేడు. మా మీర్జాలు మునులేమీ కారు. ఫర్మానాల మీద వాళ్లకు రుసుములు ముట్టేవి, వాటి కోసం పోట్లాడుకునేవారు కూడా. అయినా, కోపం వచ్చిన క్షణంలో తల తీయించగల రాజు పక్కన కూర్చుని, ఆయన అన్నదాన్ని తేదీ వేసి రాయడం మామూలు గుండె ధైర్యం కాదు. నా గర్వమంతా అక్కడే ఉంది.

ఆ పదవి ఎంత ఎత్తుకు తీసుకెళ్లగలదో మీర్జా తాహిర్ వహీద్ కజ్వీనీని చూడండి. 1645 ప్రాంతంలో షా రెండో అబ్బాస్ కొలువులో మజ్లిస్ నవీస్ అయ్యాడు. కవి, బోలెడు రాశాడు. ఆ షా ఏలుబడి చరిత్రను అబ్బాస్‌నామా పేరుతో రాసింది ఆయనే. 1690లు మొదలయ్యేనాటికి ముసలితనంలో ఏకంగా ప్రధాన వజీరు అయ్యాడు. ఎడమనుంచి కుడికి మారాడన్నమాట. అంతకు ముందు మొదటి షా అబ్బాస్ కాలంలోనూ అంతే. కచేరీలో మున్షీగా పనిచేసిన ఇస్కందర్ బేగ్ ఆ షా చరిత్రను పెద్ద గ్రంథంగా రాశాడు. రోజువారీ కాగితాలు చేతుల మీదుగా నడిచినవాళ్లే తర్వాత చరిత్ర రాశారు. కాగితం తెలియనివాడు రాసినదానికీ వాళ్లు రాసినదానికీ తేడా తెలిసిపోతుంది.

షా సులేమాన్ చివరి ఏళ్లలో కొలువు పలచబడింది. షా అంతఃపురం వదిలి వచ్చేవాడు కాదు. అసలు నిర్ణయాలు లోపల, ఖోజాల సలహామండలిలో జరిగిపోయేవి. లోపలికి మా మీర్జాకు ప్రవేశం లేదు. నేను నడుములో ఉన్నా నా మూత తెరిచే పని తగ్గింది. 1694లో గద్దెనెక్కిన షా సుల్తాన్ హుసేన్ మెత్తని మనిషి. ఎవరేం చెప్పినా తుర్కీలో ‘మంచిది’ అంటాడని జనంలో పేరుపడింది. రాసేవాడికి ఇంతకంటే కష్టం లేదు. ఒకడు చెప్పినదానికీ మంచిదే, దానికి ఎదురు చెప్పినవాడికీ మంచిదే అయితే ఏం రాయాలి? 1706లో చెహెల్ సోతూన్ మంటల్లో కాలింది. మళ్లీ కట్టారు. స్తంభాలు లేచాయి గానీ కొలువు లేవలేదు.

1722 మార్చిలో గుల్నాబాద్ దగ్గర మహమూద్ హోతకీ అఫ్గాన్ సేన షా సేనను చిత్తుగా ఓడించింది. ఆ వెంటనే ఇస్ఫహాన్‌ను చుట్టుముట్టింది. అక్టోబరు దాకా ముట్టడి. మొదట గోధుమపిండి ధర పెరిగింది. తర్వాత ధర అడిగే పనే లేకుండా పోయింది. గుర్రాలను తిన్నారు, గాడిదలను తిన్నారు, పిల్లులనూ కుక్కలనూ తిన్నారు, తోలు ఉడకబెట్టుకున్నారు. మా మీర్జా ఆ వేసవిలోనే పోయాడు. చివరి రోజుల్లో ఆయన రాసిందేమీ లేదు. ఆయన భార్య నన్ను తెరిచి, కలాలు తీసి గూట్లో పెట్టి, ఖాళీ పెట్టెను ఒక వర్తకుడి చేతిలో పెట్టింది. బదులుగా ఏం ఇచ్చాడో ఆమె చాదరు కొంగులో చూశాను. పిడికెడు బార్లీ. ఆ బేరంలో నాకు కోపం లేదు. పిల్లలు ఏడుస్తుంటే పూలబొమ్మల పెట్టె ఎందుకు?

నగరం లొంగాక షా తన చేతులతోనే తన తలపాగా తురాయి తీసి మహమూద్ తలకు పెట్టాడు. 1723 మొదట్లో మహమూద్ వజీరులను, పెద్ద ఉద్యోగులను విందుకని పిలిపించి చంపించాడు. దఫ్తరుఖానా కాగితాలను జాయందె రూద్ నదిలో పారబోశారని ఇరాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి నేను ఆ నగరంలో లేను, నా కళ్లతో చూడలేదు. నీళ్లలో పోయిందో నిప్పులో పోయిందో గానీ, సఫవీల మూల దఫ్తరు ఇవాళ ఎక్కడా లేదన్నది మాత్రం నిజం. రెండు వందల ఏళ్ల రాజ్యం. వడగళ్ల ఊరు అర్జీ, దానికి షా ఇచ్చిన జవాబు, ఆ జవాబు కింద మా మీర్జా వేసిన తేదీ, అన్నీ పోయాయి. నేను ఎవరి మీదైనా పగ పెట్టుకున్నానంటే ఆ చేతుల మీదే. మనుషులను చంపినవాడిని చరిత్ర పేరుపెట్టి తిడుతుంది. దఫ్తర్లు పారబోసినవాడి పేరు కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని రాయాల్సిన పుస్తకం కూడా ఆ మూటలోనే పోయింది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 1725, 26 ప్రాంతంలో కొత్త అఫ్గాన్ ప్రభువులకు రాజ్యం నడపడం తెలియాల్సి వచ్చింది. పాత కొలువులో ఎవరి పని ఏమిటి, ఎవరి జీతం ఎంత, ఎవరు ఎక్కడ నిలబడేవారు? చెప్పడానికి దఫ్తరు లేదు. పాత పద్ధతులు తెలిసినవాడొకడు తజ్కిరతుల్ ములూక్ అనే చిన్న పుస్తకం రాసిచ్చాడు. మజ్లిస్ నవీస్ ఏం చేసేవాడో మీకు ఈరోజు తెలుస్తున్నదంటే చాలావరకు ఆ పుస్తకం పుణ్యమే. దాని రాతప్రతి లండన్ చేరింది, 1943లో మినోర్స్కీ అనే పండితుడు ఇంగ్లీషులోకి తెచ్చాడు. మిగతాది మాకు పరాయివాళ్లు దాచిపెట్టారు. షార్డాన్ దాచాడు, కెంప్ఫర్ దాచాడు, ఇస్ఫహాన్‌లోనే ఏళ్ల తరబడి ఉండిపోయిన ఫ్రెంచి సన్యాసి రఫాయెల్ దు మాన్ దాచాడు. అర్దబీల్ దర్గా తనకు వచ్చిన ఫర్మానాలను దాచుకుంది. ఆర్మీనియా మఠాలవాళ్లు తమ భూముల కోసం, తమ హక్కుల కోసం సఫవీ షాలు ఇచ్చిన ఫర్మానాలను భద్రంగా పెట్టుకున్నారు. అవి ఇప్పుడు ఎరెవాన్‌లోని మాతెనదారాన్ గ్రంథాలయంలో ఉన్నాయి. పంపినవాడి దగ్గర నకలు లేదు, అందుకున్నవాడి దగ్గర అసలు మిగిలింది. ఆ మఠాల సన్యాసులకు నేను చేతులు లేకపోయినా దండం పెడతాను.

నన్ను కొన్న వర్తకుడు బందర్ అబ్బాస్‌కు, అక్కడినుంచి ఓడలో మచిలీబందరుకు చేర్చాడు. ఇరాన్‌కూ ఈ గడ్డకూ ఆ దారి పాతదే. మొదటి షా అబ్బాస్ పంపిన రాయబారి 1603లో గోల్కొండకు వచ్చి ఏళ్లు ఉండిపోయాడు. కుతుబ్‌షాహీల ఫర్మానాల్లో ఫార్సీ పక్కన తెలుగు కూడా కనిపించేది. నేను వచ్చేనాటికి గోల్కొండ పోయి, నిజాం రాజ్యం మొదలవుతోంది. హైదరాబాదులో ఒక మున్షీల ఇంట నాకు మళ్లీ కలం దొరికింది. భాష అదే, షికస్తా అనే గొలుసుకట్టు రాత అదే, మోకాళ్ల మీద కూర్చోవడమూ అదే. నా బుడ్డిలో కొత్త పట్టుదారపు ఉండ పెట్టిన రోజున నేను పడ్డ సంతోషం చెప్పలేను. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి నడిచాను.

1880లలో నిజాం కచేరీల్లో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. అదొక్కటే అయితే నాకు నష్టం లేదు, లిపి దాదాపు అదే కదా. దానితో పాటే ఇనుప పాళీ వచ్చింది, గాజు సిరాబుడ్డి వచ్చింది, బల్ల వచ్చింది, కుర్చీ వచ్చింది. నన్ను చెక్క అలమారులోకి తోశారు. కొన్నాళ్లకు ఆ ఇంటి కోడలు నాలో సూదులూ దారాలూ పెట్టుకుంది. అప్పుడే బాగుంది, రోజుకోసారైనా మూత తెరిచేవారు. తర్వాత గుండీలు. తర్వాత విరిగిన దువ్వెన, తాళం పోయిన తాళంచెవులు. పిల్లలు నన్ను రైలుబండి చేసి గచ్చు మీద లాగారు, మూల పెచ్చు ఊడింది అప్పుడే. చివరికి అటక. అటక మీద నా పక్కనే తాతగారి కాగితాల మూట ఉండేది. ఎలుకలు రాత్రంతా దాన్ని కొరికేవి. నేనూ కాగితమే, నన్నూ కొరుకుతాయని భయపడ్డాను. వార్నిషు రుచించక వదిలేశాయి. ఆ మూటలో ఏముందో నాకు తెలుసు, దానిలో సగం నా సిరాయే. వినగలిగేవాళ్లుంటే అరిచి చెప్పేదాన్ని.

ఇల్లు అమ్మేటప్పుడు అటక ఖాళీ చేశారు. మూటను పాత కాగితాలవాడు తూకానికి తీసుకున్నాడు. నన్ను విడిగా పెట్టారు, బొమ్మలున్నాయి కదా, నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని. ఇప్పుడు పాతనగరంలో ఒక పురాతన వస్తువుల కొట్లో, గాజు బీరువాలో ఉన్నాను. పెట్టెకు విలువ కట్టినవాళ్లు, పెట్టె ఏ పనికోసం పుట్టిందో దాన్ని తూకానికి ఇచ్చేశారు. ఇది నాకు ఇస్ఫహాన్ కంటే పెద్ద గాయం. అక్కడ శత్రువు చేశాడు, ఇక్కడ సొంత మనవలు చేశారు.

ఈ మధ్య బీరువా ముందు నిలబడి ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒక సంగతి విన్నాను. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలాల ఫార్సీ కాగితాలు లక్షన్నరకు పైగా ఉన్నాయట. వాటిలో మొగలుల వాకియా నవీసులు దక్కను నుంచి రాసి పంపిన నివేదికలూ ఉన్నాయి. మొగలులకూ మా లాంటి ఉద్యోగమే ఉండేది. అక్బరు 14 మందిని పెట్టి, రోజుకు ఇద్దరు చొప్పున వంతులేశాడు. దక్కను వాకియాల్లో 1660 నుంచి 1671 దాకా ఏరినవాటిని 1953లో హైదరాబాదులోనే పుస్తకంగా అచ్చువేశారు. ఇస్ఫహాన్‌లో మూలమే పోయిన పని, ఇక్కడ కట్టలు కట్టలుగా బతికి ఉంది. ఆ కాగితాలు దాచిన గుమాస్తాలందరికీ, పేర్లు తెలియకపోయినా, మా మీర్జా తరఫున నా సలాము.

మీ ఇంటి అటక మీద, పాత ట్రంకు పెట్టెలో, అర్థంకాని లిపిలో రాసిన కాగితాలుంటే తూకానికి వేయకండి. తాటాకైనా, దస్తావేజైనా, ఉత్తరమైనా సరే. ఎలుకలకు అందకుండా పెట్టి, చదవగలిగినవాళ్లకు ఒక్కసారి చూపించండి. మీ పిల్లల్లో ఎవరికైనా పాత లిపుల మీద ఇష్టం ఉంటే ఫార్సీ నేర్పించి తార్నాక పంపండి. షికస్తా చదివే కళ్లు అక్కడ కావాలి.